నోరు తెరిచిన రాయి

సాన మేస్త్రికి పక్షవాతం వచ్చిందన్న కబురు వీధి మొదట్లో బయలుదేరి, చివరికి చేరేసరికి మేస్త్రి పోయాడన్నంతగా పెరిగింది. పరామర్శకని మొహాలు వేలాడేసుకుని వచ్చినవాళ్లు, ఆయన దిండుకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉండటం చూసి కంగారుపడి, "బాగున్నారా?" అని అడిగేశారు.

"అబ్బే," అన్నాడు మేస్త్రి.

ఆయనకు మిగిలిన మాట అదొక్కటే. ఒకనాటి పొద్దున మొహం కడుక్కుంటూ కూలిపోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి వేలాడుతోంది, కుడికాలు ఈడుస్తోంది, మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది. తన మాటలే బుర్రలోంచి నాలుక మీదికి దారి తప్పుతున్నాయి. ఇలాంటి జబ్బులో ఒక్కొక్కరికి ఒక్కో మాట మిగులుతుందనీ, కొందరికి దేవుడి పేరైతే కొందరికి బూతు మాట అనీ డాక్టరు చెప్పాడు.

"పోనీలెండి, మావారికి మర్యాదగలదే మిగిలింది," అంది మేస్త్రి భార్య, కన్నీళ్లు తుడుచుకుంటూనే. "పెళ్లయిన దగ్గర్నుంచీ నేనేం చెప్పినా అబ్బే అనేవారు. వాడి వాడి నున్నబడి ఉంటుంది. అందుకే అదొక్కటీ జారి బయటికొస్తోంది."

ఇంటి ముందుగదే ఆయన షెడ్డు. కాగితం కోసే ప్రెస్సు బ్లేడ్లు, వడ్రంగుల చిత్రిక బ్లేడ్లు, బట్టల ఫ్యాక్టరీ కత్తులు, ఏది మొండిబారినా అక్కడికే వచ్చేది. గది నడుమ గ్రైండింగ్ మిషను. దానికి బిగించిన గుండ్రటి సాన చక్రాన్ని అందరూ రాయి అంటారు.

"కత్తికి రాయి సాన పడుతుంది. రాయికి సాన ఎవరు పట్టాలి?" అని అడుగుతుండేవాడు మేస్త్రి, కొత్తగా వచ్చినవాళ్లని. వాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. ఆయనకు చెప్పడానికి సందు దొరికేది.

రాయి నిండా కంటికి ఆనని పలుకులుంటాయి. ఒక్కో పలుకూ ఒక చిన్న ఉలి. పనిచేయగా చేయగా ఆ పలుకులు మొద్దుబారిపోతాయి. వాటి సందుల్లో ఇనుప రజను కూరుకుపోయి రాయి అద్దంలా మెరుస్తుంది. తెలియనివాడు చూసి ఆహా ఎంత నునుపు అనుకుంటాడు. నున్నబడ్డ రాయి కోయలేక రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. ఆ వేడికి బ్లేడు అంచు నీలం తిరిగి చచ్చిపోతుంది. అందుకని ఉక్కు కడ్డీ కొసన బిగించిన చిన్న వజ్రాన్ని, తిరుగుతున్న రాయి ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి, ఆ పైపొర చెక్కేయాలి. మొద్దు పలుకులు రాలిపోయి కొత్తవి బయటపడతాయి. ఈ పనిని అందరూ డ్రెస్సింగ్ అంటారు. మేస్త్రి మాత్రం "రాయి నోరు తెరిపించడం" అనేవాడు.

"నా చెవులకి లేని వజ్రం మీ రాయికి పెడుతున్నారు," అని భార్య దెప్పేది.

"పెట్టడం లేదే, అరగదీస్తున్నాను," అనేవాడు.

"అది ఇంకా కడుపుమంట."

ఇప్పుడా రాయి తిరగడం ఆగిపోయింది. షెడ్డుకి తాళం పడింది. అప్పుడే మరదలు రెండు సంచులతో దిగింది.

మేస్త్రి భార్యకి ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. అక్క పెళ్లినాటికి ఇంకా పలక పట్టుకుని తిరిగే పిల్ల. బావ ఒళ్లో కూర్చుని ఆయన చొక్కా గుండీలు తెంపి, మళ్లీ తనే కుట్టిపెట్టేది. అందుకే ఆయన ఆమెకి సూదిపిల్ల అని పేరు పెట్టాడు. ఆ సూదిపిల్లకి ఇప్పుడు నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి. బట్టల ఫ్యాక్టరీలో ఒక వరసంతటికీ పెద్ద అయింది. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చానని చెబితే అక్క నెత్తి కొట్టుకుంది.

"అక్కడ నాలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారక్కా. నీకు చెల్లెల్ని నేనొక్కదాన్నే. షెడ్డు తాళం ఇటివ్వు."

"అబ్బే!" అన్నాడు మేస్త్రి మంచం మీద నుంచి.

"వద్దంటున్నారే," అంది అక్క.

"వద్దన్నాడో, 'అబ్బే, అడగాలా' అన్నాడో నీకేం తెలుసు?" అని తాళంచెవి లాక్కుంది సూదిపిల్ల.

మేస్త్రికి గుండెల్లో రాయి పడింది. ఆ అమ్మాయి ధైర్యం ఆయనకు తెలుసు. గ్రైండింగ్ మిషనూ తెలుసు. పండగలకీ పబ్బాలకీ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి తను పని చేస్తుంటే చూసిందే తప్ప, ఆమెకు దాని గురించి ఓనమాలు తెలియవు. రాయి మొదలెట్టేటప్పుడు ఎదురుగా నిలబడకూడదని, పక్కకి తప్పుకోవాలని మాత్రం ఆయన ఎడంచేత్తో తోసి తోసి చూపించాడు. కళ్లద్దాలు తనే ఆమె ముక్కు మీద పెట్టాడు. ఆ పైన ఏం చెప్పాలన్నా మాట కావాలి.

వడ్రంగి బ్లేడ్లు రెండు ఎలాగో గట్టెక్కాయి. ఆ తర్వాత, ఊళ్లో అచ్చాఫీసు నడిపే ప్రెస్సాయన పొడుగాటి కాగితం బ్లేడు పంపాడు. మేస్త్రి మంచం మీద కళ్లు మూసుకుని వింటున్నాడు. ముందు గదిలో రాయి శబ్దం కొంతసేపు బాగానే నడిచింది. ఆ తర్వాత సన్నగా ఈల మొదలైంది. ఆయన లేచి కూర్చున్నాడు. రాయి నోరు మూసుకుంది. అది ఏడుస్తోంది.

"అబ్బే! అబ్బే! అబ్బే!"

"ఆ, బాగానే వస్తోంది బావా, నువ్వు మరీ పొగడకు!" అని అరిచింది సూదిపిల్ల అటునుంచి.

మర్నాడు ప్రెస్సాయన ఆ బ్లేడు భుజాన పెట్టుకుని వచ్చాడు. అంచు పొడవునా నీలం మచ్చలు, మధ్యలో పళ్లు ఊడిన నోరులా గంట్లు.

"ఏమ్మా, ఇది కాగితం కోయడం లేదు. కొరుకుతోంది," అన్నాడు.

సూదిపిల్ల మొహం పాలిపోయింది. ప్రెస్సాయన మేస్త్రి కేసి నడిచాడు. మంచం పక్కన కూర్చుని, పడిపోయిన కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మేస్త్రీ, నా దగ్గర ఇంకో బ్లేడుంది, దాంతో నెట్టుకొస్తాను. దీన్ని ఇక్కడే ఉంచి వెళ్తున్నా. నేను ఇంకో షెడ్డు గడప తొక్కను. ఈ అమ్మాయి నేర్చుకునేదాకా ఆగుతాను, సరేనా?"

మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ ఆ మనిషి వస్తే నమస్కారానికి నమస్కారం తప్ప నాలుగు మాటలు కలిపి మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడాలనుంటే మాట లేదు.

ఆ రోజే ఆయన కుర్చీ షెడ్డులోకి వెళ్లింది. తనే దాన్ని ఎడంచేత్తో ఈడ్చడం మొదలుపెడితే, అక్కాచెల్లెళ్లు సంగతి గ్రహించి మోశారు.

చదువు మొదలైంది. ముందుగా సూదిపిల్ల వేలు పట్టుకుని, ఆగి ఉన్న రాయి ముఖం మీద నడిపించాడు. మెరుస్తున్న చోట నున్నగా జారింది. మెరుపు లేని చోట గరగరలాడింది. ఆమె రెండు మూడు సార్లు అటూ ఇటూ తడిమింది.

"కుట్టుమిషను పళ్లలో దుమ్ము పేరుకుంటే బట్ట ముందుకి జరగదు, అలాగా?"

మేస్త్రి తల గట్టిగా ఊపాడు. ఊపి, ఆశ్చర్యపోయాడు. తను ఇన్నేళ్లుగా ఎందరికో ఉలి అనీ పలుకనీ చెప్పుకుంటూ వచ్చాడు. ఈ పిల్ల తన దారిన తను వచ్చి అదే గుమ్మంలో నిలబడింది.

అక్కణ్నుంచి ఆయన చూపించడం, ఆమె తన కుట్టుపనిలోకి మార్చుకుని అడగడం. వజ్రం కడ్డీని రాయికి ఎదురుగా పొడిచినట్టు పెడితే ఆయన చెయ్యి తట్టేవాడు. రాయి తిరిగే వైపుకే కొద్దిగా వాల్చి పెట్టించేవాడు. "ఎదురు పెడితే గుచ్చుకుని ఎగురుతుంది, వాలిస్తే వెంట నడుస్తుంది. అంతేగా?" అనేది ఆమె. ఒకే మూల మీద వజ్రం అరిగి బల్లపరుపు కాకుండా, కడ్డీని అప్పుడప్పుడు కాస్త తిప్పి బిగించాలని చూపిస్తే, "మేం సుద్దబిళ్లతో గీత గీసేటప్పుడు తిప్పుతూ ఉంటాం కదా!" అని నవ్వింది. ఎక్కువ లోతు కోయకూడదనీ, వెంట్రుకవాసి కోసి మళ్లీ రావాలనీ తన నెత్తి మీది వెంట్రుక ఒకటి పీకి చూపించాడు. "ఉన్నవే నాలుగు, పాఠానికొకటి పీక్కుంటే ఎలా బావా?" అంది.

అన్నిటికన్నా కష్టమైంది వేగం. వజ్రాన్ని రాయి ముఖం మీద గబగబా నడిపిస్తే రాయి గరుకుగా తెరుచుకుని మోటు పనికి పనికొస్తుంది. నిదానంగా నడిపిస్తే సన్నగా తెరుచుకుని, బ్లేడు అంచుకి నునుపునిస్తుంది. దీన్ని ఎలా చెప్పాలో తోచక మేస్త్రి కుర్చీ చేతి మీద వేళ్లతో ఒకసారి దూరదూరంగా, ఒకసారి దగ్గరదగ్గరగా తట్టాడు. ఆమె ఆ వేళ్ల కేసే చూసింది.

"దూరం కుట్టు, దగ్గర కుట్టు!" అని అరిచింది. "ముందు పోగు వేయడానికి దూరం కుట్టు. చివరికి దగ్గర కుట్టు. ఇంతేనా? ఇది నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు బావా!"

"అబ్బే," అన్నాడు మేస్త్రి. ఈ అబ్బే కొత్తది. గుమ్మంలో నిలబడి వింటున్న భార్య దాన్ని ఎప్పుడూ వినలేదు. అందులో మురిపెం ఉంది.

అంతా సాఫీగా సాగుతుండగా ఆ పొరపాటు జరిగింది. డ్రెస్సింగ్ చేసేటప్పుడు వజ్రం మీద నీళ్లధార ముందునుంచీ పడుతుండాలి. సూదిపిల్ల నీళ్లు మరిచిపోయి మొదలెట్టింది. మూడు నాలుగు సార్లు నడిపించాక గుర్తొచ్చి, టక్కున కుళాయి తిప్పింది. కాగిన వజ్రం మీద చన్నీళ్లు పడ్డాయి. చిటుక్కుమంది. గోరంత వజ్రం రెండు చెక్కలైంది.

మేస్త్రికి కోపం నషాళానికి అంటింది. చేతికందిన పాత గుడ్డల డబ్బా విసిరికొట్టాడు. అది ఆమెకి తగల్లేదు గానీ గోడకి తగిలి భళ్లుమంది. "అబ్బే! అబ్బే! అబ్బే!" అని గొంతు చించుకున్నాడు. ఆ నోట్లో తిట్లు లేకపోయినా మొహంలో అన్నీ కనిపించాయి.

సూదిపిల్ల మిషను ఆపింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తన సంచి భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయింది.

షెడ్డులో రాయి తిరిగి తిరిగి మెల్లగా ఆగింది. అంత నిశ్శబ్దం మేస్త్రి భరించలేకపోయాడు. తన ఒళ్లు సగం చచ్చినా ఈ గదిలో రాయి తిరుగుతోందంటే, పొద్దున్నే లేవడానికి తనకో కారణం ఉందంటే, అది ఆ పిల్ల పెట్టిన భిక్ష. ఆ పిల్ల మీదికే డబ్బా విసిరాడు.

కర్ర అందుకుని లేచాడు. వాకిలి దాటాడు. జబ్బు చేశాక ఆయన వీధిలోకి రావడం అదే మొదలు. వెనకనుంచి భార్య పరుగున వచ్చింది. ఆయన మొహం చూసి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది.

బస్‌స్టాపు బల్ల మీద సూదిపిల్ల కూర్చుని ఉంది. మేస్త్రి కాలు ఈడ్చుకుంటూ వెళ్లి పక్కన కూలబడ్డాడు. రొప్పు తగ్గాక, చెప్పాల్సినవన్నీ లోపల వరసలో నిలబెట్టుకున్నాడు. తప్పు నాది. నువ్వు లేకపోతే ఈ ఇల్లు లేదు. వజ్రం పోతే ఇంకోటి వస్తుంది. నోరు తెరిచాడు.

"అబ్బే."

ఆమె తల తిప్పలేదు. "ఏంటి అబ్బే? వజ్రం పోయిందనా?"

కాదన్నట్టు తలూపాడు.

"నేను వెళ్లొద్దనా?"

అవునన్నట్టు తలూపాడు.

"విసిరికొట్టినందుకు తప్పయిపోయిందనా?"

ఆయన ఒక్క క్షణం ఆగి, తలూపాడు.

"దానికెందుకు బావా అంత ఆలోచన!" అని ఆమె ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. "నేనెక్కడికీ వెళ్లడం లేదు. ఇంట్లో ఏడిస్తే అక్క చూస్తుందని ఇక్కడికొచ్చాను. సంచిలో కత్తెరా దారపుండలూ తప్ప ఏమీ లేవు. పద, లేకపోతే నిన్ను ఎవరైనా బస్సెక్కించేస్తారు."

తిరిగొచ్చాక మేస్త్రి సొరుగు అడుగునుంచి ఓ పాత కడ్డీ తీయించాడు. దాని వజ్రం ఒకవైపు బాగా అరిగిపోయి ఉంది. ఎప్పుడో పనికిరాదని అక్కడ పడేసినదే. వెలుతురులో పెట్టి, కడ్డీని తన ఎడంచేత్తో కొంచెం కొంచెంగా తిప్పాడు. ఒకచోట సన్నటి అంచు తళుక్కుమంది. అక్కడ ఆపి ఆమెకిచ్చాడు. ఆమె ఆ వాటం చెదరకుండా బిగించింది. కొత్త వజ్రం వచ్చేదాకా దాంతోనే నడపాలి.

అది రాకముందే ప్రెస్సాయన వచ్చిపడ్డాడు. బడులు తెరిచే రోజులు. పాఠ్యపుస్తకాలు అచ్చయి గుట్టలుగా ఉన్నాయి. అంచులు కోయాల్సిన రెండో బ్లేడూ మొండికేసింది.

"అమ్మా, తొందర పెట్టకూడదని తెలుసు. కానీ పిల్లలు పుస్తకాల్లేకుండా కూర్చుంటారు," అన్నాడు.

సూదిపిల్ల బావ కేసి చూసింది. ఆయన గోడకి ఆనించి ఉన్న పాత బ్లేడు కేసి చూపించాడు. ఆ నీలం మచ్చల బ్లేడే. తను పాడుచేసినదాన్ని తనే బాగుచేయాలని ఆమెకి అర్థమైంది.

ముందు దూరం కుట్టు వేసింది. రాయి గరుకుగా నోరు తెరిచింది. ఆ రాయితో నీలం పోయేదాకా, గంట్లు పోయేదాకా బ్లేడుని కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం అయింది. భోజనానికి రమ్మని అక్క పిలిచినా ఇద్దరూ కదల్లేదు. ఇక మిగిలింది చివరి నునుపు. అంతకుముందు రాయికి మరోసారి డ్రెస్సింగ్ చేయాలి, దగ్గర కుట్టు. ఆమె వజ్రం వాటం చూసుకుంది. కుళాయి తిప్పింది. నీళ్లు వస్తున్న చప్పుడు విని, కళ్లన్నీ వజ్రం మొన మీదే పెట్టుకుని, కింద బిగించి ఉన్న దాని మీదికి రాయిని మెల్లగా దించసాగింది.

కుర్చీలోంచి చూస్తున్న మేస్త్రికి ఏదో తేడాగా వినిపించింది. నీళ్లు రాయి మీద పడితే వచ్చే చప్పుడు వేరు. ఇది రేకు మీద పడుతున్న చప్పుడు. గొట్టం పక్కకి జారింది. ధారంతా తొట్టిలోకి పోతోంది. వజ్రం పొడిగా ఉంది. ఉన్నదొక్కటే వజ్రం. రాయి దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"నీళ్లు!"

సూదిపిల్ల చెయ్యి ఠక్కున ఆగింది. రాయిని పైకెత్తింది. గొట్టం చూసింది. సరిచేసింది. ధార వజ్రాన్ని తడిపింది. అప్పటిదాకా ఆమెకి పని తప్ప ఇంకేం తోచలేదు.

వంటింట్లోంచి భార్య గ్లాసుతో పరుగున వచ్చింది. "ఇదిగోండి, తాగండి, ఎప్పట్నుంచి దాహమేస్తోందో ఏమో, అడగొచ్చు కదా..." అని ఆయన నోటికి అందించి, సగంలో ఆగిపోయింది. గ్లాసు కేసి చూసింది. మొగుడి కేసి చూసింది.

"ఏవండీ... మీరు అడిగారు."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేస్త్రి ఎడంచేత్తో తన పెదవులు తడుముకున్నాడు. తన నోట్లోంచి వచ్చిన మాట మీద తనకే నమ్మకం కుదరక, మళ్లీ మెల్లగా, కొత్త చెప్పులు తొడుక్కుని చూసుకున్నట్టు, "నీ...ళ్లు," అన్నాడు. భార్య ఆ గ్లాసు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని, దాహం లేకపోయినా గడగడా తాగేశాడు.

"అక్కా, ఏడుపు తర్వాత. రాయి తిరుగుతోంది," అంది సూదిపిల్ల, చెంపలు భుజానికి తుడుచుకుంటూ.

వజ్రం నిదానంగా రాయి ముఖం మీద నడిచింది. ఎక్కడా తెగకుండా, ఎక్కడా పెరగకుండా, ఆకుల మీద సన్నవాన పడుతున్నట్టు ఒకే చప్పుడు. మేస్త్రి కళ్లు మూసుకుని విన్నాడు. తన చేతికింద ఈ చప్పుడు ఎన్నివేల సార్లు పుట్టిందో. ఇంత హాయిగా కూర్చుని విన్నది మాత్రం ఎప్పుడూ లేదు.

సాయంత్రానికి బ్లేడు ప్రెస్సుకి చేరింది. ప్రెస్సాయన ఓ పుస్తకం పట్టుకుని తనే వచ్చాడు. దాని అంచు మీద మేస్త్రి బొటనవేలు నడిపించాడు. గాజు మీద నడిచినట్టుంది.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే రాసాగాయి, అదీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు. "నీళ్లు" వెనకాల "టీ" వచ్చింది, "చెప్పులు" వచ్చాయి, ఓ రోజు ఉన్నట్టుండి భార్యని ముద్దుపేరుతో పిలిస్తే ఆవిడ సిగ్గుపడి పోపు మాడ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. రాదని డాక్టరు చెప్పేశాడు. షెడ్డు పని సూదిపిల్లదే అయింది. ఫ్యాక్టరీ వాళ్లు మళ్లీ రమ్మని మనిషిని పంపితే, అతని చేతికి వాళ్ల కత్తులే సాన పట్టి ఇచ్చి పంపింది.

ఆస్పత్రిలో మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి ముగ్గురూ కలిసే వెళ్లేవాళ్లు. ఆవిడ ఓపికస్తురాలు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేది. ఒకరోజు బొమ్మలు పక్కన పెట్టి, "ఇవాళ మనుషుల్ని చెప్పండి. ఈవిడ మీకేమవుతారు?" అని భార్యని చూపించింది.

"భా...ర్య."

"శభాష్. మరి ఈవిడ?"

మేస్త్రి సూదిపిల్ల కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మరదలన్న మాట ఆయనకు దొరక్క కాదు. నిన్ననే రెండుసార్లు అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఎడంచేతి వేలు ఆమె వైపు చాచాడు.

"మా... మే...స్త్రి."

"మేస్త్రి అని మిమ్మల్ని కదండీ పిలుస్తారు?" అని నవ్వింది మాటలు నేర్పే ఆవిడ. సూదిపిల్ల "ఊరుకో బావా" అని కిటికీ వైపు తిరిగిపోయింది. ఆమె మెడ ఎర్రబడటం అక్కకి కనిపించింది.

"ఆయన సరిగ్గానే చెప్పారమ్మా," అంది భార్య.

మాటలు నేర్పే ఆవిడ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "అయితే ఇవాళ్టికి పాఠం అయిపోయినట్టే," అని లేచి, మేస్త్రి కర్ర అందించింది. బయట ఎండ తగ్గింది. సూదిపిల్ల భుజాన బరువైన సంచి ఉంది, దారిలో కొన్న మరో కొత్త వజ్రం కడ్డీ అందులోనే ఉంది. ఆ సంచి ఇటిమ్మన్నట్టు మేస్త్రి ఎడంచెయ్యి చాచాడు. కర్ర ఎలా పట్టుకుంటావని ఆమె అడగలేదు. ఆ కర్రని తను తీసుకుని, తన చెయ్యి ఆయన కుడి మోచేతి కిందుగా పోనిచ్చి, సంచి ఆయనకిచ్చింది.